ఇస్తున్నాం, ఇస్తున్నాను

ఆసుపత్రి డ్యూటీ దిగిన నర్సు బట్టలైనా మార్చుకోకుండా తిన్నగా చర్చి ఆఫీసుకి వచ్చింది. బల్ల వెనక ఫాదర్ ఒక్కరే కూర్చుని ఉన్నారు, జ్ఞానస్నానాల పుస్తకం మూసి, దాని మీద చెయ్యి పెట్టుకుని.

“నిన్న మా వార్డులో పోయిన పసిగుడ్డు పేరు ఇందులో రాయనన్నారట. నిజమేనా ఫాదర్?”

“నిజమేనమ్మా. ముందు కూర్చో.”

“కూర్చోడానికి రాలేదు. ప్రాణం మీదికొస్తే జ్ఞానస్నానం ఎవరైనా ఇవ్వొచ్చని మాకు నేర్పింది మీరేగా?”

“నేనే. తొలినాళ్ళ నుంచీ ఉన్న పద్ధతే అది. నువ్వు మా మతం కాకపోయినా చెల్లుతుంది.”

“మరింకేం? నెత్తిన నీళ్ళు పోశాను. పిత, పుత్ర, పవిత్రాత్మ అని మూడు పేర్లూ చెప్పాను.”

“చివర్లో ‘ఇస్తున్నాం’ అన్నావట. ‘ఇస్తున్నాను’ అనాలి. నీ నోటితో పలికేది ప్రభువు. ఆయన ఒక్కడే. అక్కడ ‘మేము’ అనకూడదు.”

“గ్లాసు పట్టుకున్న నా చేతి మీద ఆ కన్నతల్లి చెయ్యి కూడా ఉంది. ఆవిణ్ణి పక్కకి తోసేసి ‘నేను’ అనమంటారా? కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఇదే ఫాదర్!”

“నీ బాధ అర్థమైంది. కానీ నియమం నియమమే. ఇలాంటివి మేము ఒప్పుకోం.”

నర్సు తలుపు వైపు చూసింది, మూలనున్న ఖాళీ కుర్చీ వైపు చూసింది.

“మేమంటే ఎవరు ఫాదర్? ఇక్కడున్నది మీరొక్కరేగా?”