ఆ పిల్లల కాళ్ళ కింద చెక్కే వేద్దాం

అధ్యక్షస్థానంలో ఉన్న మా యజమానిగారికి, ముందు వరుసలోని పెద్దలకు, గోడవారగా నిలబడ్డ వడ్రంగి మిత్రులకు (కుర్చీలున్నాయి, కూర్చోండయ్యా) నమస్కారం.

ఇవాళ పదవీ విరమణ చేస్తున్న మా ఆర్కిటెక్టుగారిని ఆఫీసంతా మేడమ్ అంటుంది. నేను మాత్రం అక్కయ్యా అంటాను. మేడమ్‌తో అంతలా పోట్లాడలేం కదా! (నవ్వులు)

మా పోట్లాటల్లోకెల్లా పెద్దది వినికిడి లేని పిల్లల బడి కట్టేటప్పుడు జరిగింది. పై అంతస్తుకి ఇనుప దూలాల మీద ముందు పలకలు పరిచి, వాటిపైన నేల వేయాలి. ఇంజనీరుగా నేను సిమెంటు పలకలే అన్నాను. తడికి ఉబ్బవు, నిప్పంటుకోవు, చెద పట్టదు. యజమానిగారూ నావైపే. ఏమండీ, అవునా?

అక్కయ్య మాత్రం, "ముందు పిల్లల్ని అడుగుదాం" అన్నారు.

"వినపడని పిల్లల్ని నేల గురించి ఏమడుగుతారక్కయ్యా?" అన్నాను.

ఆవిడ పక్కపక్క గదుల్లో ఒకదాంట్లో సిమెంటు పలకలు, రెండోదాంట్లో ప్లైవుడ్ పరిపించి, పిల్లల్ని వీపు తిప్పి కూర్చోబెట్టించారు. వెనక నుంచి పంతులమ్మగారు కాలితో నేలను తట్టారు. సిమెంటు గదిలో ఒక్కరూ కదల్లేదు. చెక్క గదిలో తట్టగానే అందరూ గిరుక్కున వెనక్కి తిరిగారు! ఒక చిన్నపాప రెండు అరచేతులూ నేలకి ఆనించి పంతులమ్మగారికి ఏదో సైగ చేసింది.

"మళ్ళీ తట్టమంటోందండీ" అన్నారావిడ.

మళ్ళీ తట్టారు. పాప ఈసారి చెంప ఆనించి పకపకా నవ్వింది.

(మంచినీళ్ళు ఇలా ఇవ్వండి... క్షమించాలి.)

అక్కయ్య నా వంక తిరిగి, చూశావా అనలేదు. "తమ్ముడూ, నీ భయాలూ నిజమే. స్నానాల గదుల్లో, వంటగదిలో నీ సిమెంటు పలకలే వేద్దాం. నిప్పు భయానికి దూలాల అడుగున కూడా అవే కొట్టిద్దాం. ఆ పిల్లల కాళ్ళ కింద మాత్రం చెక్కే వేద్దాం" అన్నారు. నేనింకా తలాడిస్తూనే ఉన్నాను, యజమానిగారు బూట్లు విప్పేసి ఆ చెక్క మీద నిలబడి, "ఇంకోసారి తట్టండమ్మా" అంటున్నారు! (నవ్వులు, చప్పట్లు)

ఆ తర్వాత నన్ను వేరే ఆఫీసువాళ్ళు పెద్ద హోదా ఇస్తామని పిలిచారు. వెళ్ళలేదు. ఎందుకని మా ఆవిడ ఎన్నిసార్లు అడిగినా ఏదో సాకు చెప్పాను. ఇవాళ ఆవిడ కూడా ఈ హాల్లోనే ఉంది కాబట్టి అసలు సంగతి చెప్పేస్తాను. అక్కయ్యా, మీ దగ్గర నేర్చుకోవడం నాకింకా పూర్తి కాలేదు. ఇవాళ్టికీ కాలేదు.

ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. అక్కయ్యా, మీకు వీడ్కోలు చెప్పడం నావల్ల కాదు గానీ, ఈ మైకు దగ్గర మాత్రం సెలవు తీసుకుంటాను.