మా ఆవిడ మెచ్చిన నూడిల్స్

మధ్యాహ్నం జనం పల్చబడ్డాక, పత్రికలో హోటళ్ల గురించి రాసే ఆయన ఆ చిన్న నూడిల్స్ హోటల్‌కి మళ్లీ వచ్చాడు. యజమానురాలు తడి చేతులతోనే వంటింట్లోంచి బయటికి వచ్చింది.

"అదేంటండీ, మీరొక్కరే వచ్చారు? మేడమ్ ఏరీ?"

"వెనక... వస్తోందమ్మా. బండి పెట్టడానికి చోటు చూస్తోంది."

"అయితే ఈ కిటికీ దగ్గర కూర్చోండి. మీరొస్తున్నారని పత్రికవాళ్లు చెప్పగానే మీ ఇద్దరి కోసమే ఆపి ఉంచా. మీరు రాసినప్పట్నుంచీ ఒక్క కుర్చీ ఖాళీగా ఉంటే ఒట్టు! అదిగో, మీరు రాసింది ఫ్రేము కట్టించి గోడకి పెట్టాను."

"అయ్యో, అదెందుకమ్మా."

"ఎందుకేంటండీ? మూడు దేశాల వంటలు ఒకే గిన్నెలో పోట్లాడుకోకుండా కూర్చున్నాయన్నారు. ఫ్యూజన్ అని పేరు పెట్టి చేసే ఆర్భాటం లేదు, చొక్కా నలిగినా లోపలికి రావచ్చన్నారు. అదంతా ఒకెత్తు, మేడమ్ అన్న మాట ఒకెత్తు."

"ఏ మాట?"

"మర్చిపోయారా! 'కొబ్బరిపాల నూడిల్స్‌లో అల్లం వేసే చెయ్యి వెనక్కి తగ్గింది, ఘాటు పడని మనిషెవరికో వండి వండి అలవాటైనట్టుంది, అంది మా ఆవిడ' అని రాశారు కదా."

"ఆ... అంది. అంది."

"మా చెల్లెలండీ. ఇద్దరం కలిసే ఈ హోటల్ పెట్టాం. దానికి అల్లం పడదు. మాటా మాటా వచ్చి వెళ్లిపోయింది. నా చెయ్యి మాత్రం ఇంకా దాని కోసమే వేస్తోంది. ఆవిడ చెప్పేదాకా నాకే తెలీదు."

"అంత సరిగ్గా తగులుతుందనుకోలేదమ్మా."

"ఎవరు, మేడమా?"

"ఆ... ఆవిడే."

"చదివి వంటింట్లోకి పోయి ఏడ్చానండీ. ఈ ఊళ్లో బిల్లు సంగతి తప్ప నాతో ఇంకో మాట మాట్లాడేవాళ్లు లేరు. ఆవిడతో కూర్చుని కాసేపు మాట్లాడుకోవాలని... ఇంతసేపేంటండీ? నేను వెళ్లి చూసిరానా?"

"వద్దు వద్దు! వస్తుందో, రాదో. పొద్దున్నుంచీ తలనొప్పి అంటోంది."

"ఇందాక బండి పెడుతోందన్నారు?"

"అన్నాను కదూ."

"పోయినసారీ మీరొక్కరే వచ్చారట. రెండు గిన్నెలు తెప్పించుకుని రెండూ మీరే తిన్నారట. వడ్డించే అమ్మాయి చెబితే నేను నమ్మలేదు."

"ఆకలేసిందిలే అమ్మా."

"పోనీ ఫోన్ కలపండి. థాంక్స్ చెప్పి పెట్టేస్తా."

"ఫోన్ ఎత్తదు."

"నా మీద కోపమా ఏంటండీ?"

"అయ్యో, మీ మీద కోపమేంటి! మీరంటే... ఆవిడకి చాలా ఇష్టం."

"అయితే పేరైనా చెప్పండి. ఎప్పుడు చూసినా 'మా ఆవిడ' అనే తప్ప పేరు రాయరు. ఈ నూడిల్స్‌కి ఆవిడ పేరే పెడదామని బోర్డు కూడా తెప్పించాను."

"పేరా..."

"ఏంటండీ, భార్య పేరు చెప్పడానికి ఇంత ఆలోచనా?"

"ఒంటరిగా తిని వచ్చినవాడి కబుర్లు ఎవరు చదువుతారులే అని 'మా ఆవిడ' అనడం మొదలుపెట్టానమ్మా. ఇన్నేళ్లుగా రాస్తున్నానే గానీ... ఆవిడకింకా పేరు పెట్టలేదు."