వంపు బంతి

1984 వేసవి. బేస్‌బాల్ ఆట ఓడిన జట్టులో బంతులు విసిరే పిచర్, స్టేడియం బయట కార్ల దగ్గర ఎదుటి జట్టు క్యాచర్‌ను ఆపాడు. నిరుటి దాకా ఒకే జట్టులో ఉండి ఇతను విసిరిన బంతులన్నీ పట్టినవాడు అతడే.

"నేను వంపు బంతి వేస్తానని మీవాళ్ళకి ముందే ఎలా తెలుస్తోందిరా?"

"వేసే ముందు నీ ఎడమ మోచెయ్యి కాస్త లేస్తుంది. నేనే చెప్పాను."

"నా పొట్ట కొట్టావు కదరా! రేపు నన్ను జట్టులోంచి తీసేస్తున్నారు."

"ఇప్పుడు వాళ్ళ ఉప్పు తింటున్నాను మరి."

"ఆ మోచెయ్యి సంగతి ఎప్పుడు కనిపెట్టావు?"

"మనం కలిసి ఆడిన మొదటి ఏడాదే."

ఓటమి కన్నా ఈ మాటే పిచర్‌కు ఎక్కువ తగిలింది.

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"మనల్ని ఎప్పుడు ఏ జట్టుకి అమ్మేస్తారో ఎవరికి తెలుసు? చెబితే నువ్వు దిద్దుకునేవాడివి."