వెనక గురికి వేసిన మాటు

నా పేరు ఇకోనియా. తుపాకులు బాగుచేసే తోదోర్ బాయెవిచ్ విధవని. వయసు డెబ్బై దాటింది, ఎంత దాటిందో పూజారి పుస్తకంలో చూసుకోండి. ఊరు జాగ్రెదా. మా ఆయన చనిపోయాక పదకొండేళ్ళుగా ఆ పని నేనే చేస్తున్నాను. చదువు రాదు.

ఇవాళ ఉదయం ఎనిమిది గంటలకు కెప్టెన్ గారి కచేరీకి నా అంతట నేనే వచ్చాను. నా కొడుకు వుక్సాన్‌ను కుమ్‌ను, అంటే జ్ఞానస్నానంతో కలిసిన బంధువును, చంపిన హంతకుడని కాల్చబోతున్నారు. వాడు హంతకుడు కాదు, తప్పు నా చేతిది అని చెప్పడానికి వచ్చాను. చచ్చిపోయిన రాదూలే మా కుమ్. నా మనవడిని జ్ఞానస్నానం నాడు చేతుల్లోకి తీసుకున్నవాడు. మాకు రక్తం పంచుకున్న తమ్ముడికన్నా కుమ్ ఎక్కువ.

వుక్సాన్ తుపాకి రష్యా నుంచి వచ్చినది. మొదట్లో గొట్టం నోట్లోంచి మందు కూరి కాల్చేవారు. తర్వాత వెనకవైపు కోసి తూటా పెట్టే తలుపు బిగించారు. దాని వెనక గురికి, అంటే కన్ను పెట్టి చూసే గాడి ఉన్న చిన్న ఇనుప ముక్కకు, మేకులు లేవు. గొట్టానికి బెజ్జం పెడితే గొట్టం బలహీనపడుతుంది. ఇత్తడితో అతికితే ఎర్రగా కాల్చాలి, ఇనుము మెత్తబడుతుంది. అందుకని తగరం కరిగించి మాటు వేస్తారు. తగరం తక్కువ వేడికే కరుగుతుంది. మా ఊళ్ళో మగవాళ్ళకు ఎన్నిసార్లు చెప్పినా వినరు, వానలో తడిసిన తుపాకిని తెచ్చి నిప్పుల పక్కన ఆనించి కాఫీ తాగుతారు. కిందటి శరత్కాలంలో వుక్సాన్ అదే చేశాడు. గురి ఊడి బూడిదలో పడింది.

"అమ్మా, తిట్టకుండా అతికించు," అన్నాడు.

"తిడుతూ అతికిస్తాను, లేకపోతే అతకదు," అన్నాను.

రెండు ముఖాలూ ఆకురాయితో గీకాను. గుగ్గిలం చల్లాను. రెంటికీ తగరం పూసి, గురిని తీగతో కట్టి, కాల్చిన ఇనుప ముద్దను గొట్టం మీద ఆనించాను. ఆ రోజు ఓక్ కట్టెలు పచ్చివి, పొగ, కళ్ళు కనబడలేదు. కాబట్టి మాటు లోపల పట్టలేదేమో అని ఇన్ని రోజులూ అనుమానపడుతూనే ఉన్నాను.

సెయింట్ జార్జ్ పండగనాడు పొద్దున్న ఏడింటికి ఎగువ మేతబీడులో ఊట దగ్గర గొర్రెలకు ఎవరు ముందు నీళ్ళు పెట్టాలని వుక్సాన్, రాదూలే పోట్లాడుకున్నారు. ఎనభై అంగల దూరం. రాదూలే బండకు ఆనుకుని నిలబడ్డాడు. తన కుడిచేతి వైపు, అతని పక్కనున్న బండను గురిచూసి బెదిరించడానికి కాల్చానని నా కొడుకు అన్నాడు. గుండు ఎడమకు జానెడు పోయి గొంతు కింద తగిలింది. వాడు ఇంటికొచ్చి గడపలోనే కూలబడి, "అమ్మా, నువ్వు వేసిన మాటు జారింది. నీ చెయ్యి నన్ను చంపింది," అన్నాడు.

నేను నమ్మాను. కొడుకు మాట నమ్మాను. ఆ రోజంతా, ఆ రాత్రంతా రాదూలే ఇంట్లో శవం దగ్గర ఏడుపుపాట పాడాను. అతని భార్య నా భుజం మీద తల పెట్టుకుంది. నేను తీయమనలేదు. మా ఇంట్లో పొయ్యి దగ్గర వాడొక్కడే ఉన్నాడు. మర్నాడు మధ్యాహ్నం మీ మనుషులు వచ్చి వాడినీ తుపాకినీ తీసుకెళ్ళారు.

ఇదంతా చెప్పాక కెప్టెన్ గారు తుపాకి తెప్పించారు.

"గురి పక్కకు జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది అవ్వా?" అన్నారు.

"తగరం చల్లారాక గురి అంచు మీంచి గొట్టం మీదికి ఉలితో ఒకే గాటు పెడతాం నాయనా. గురి కదిలితే గాటు రెండు ముక్కలవుతుంది."

ఆయన వెలుతురులో చూసి, "రెండు ముక్కలైంది. బార్లీ గింజంత ఎడమకు జరిగింది. నీ కొడుకు చెప్పినట్టే ఉంది," అన్నారు. నా మాటలు రాసుకుంటున్న గుమాస్తా కూడా తల ఊపాడు.

నా చేతికిమ్మన్నాను. కొవ్వు పూసి ఉంది, గురి దగ్గర ఎక్కువగా. కొంగుతో తుడిచాను. గొట్టం మీది గాటులో గోరు పెట్టి లాగాను. గోరు దిగలేదు. మళ్ళీ లాగాను. మళ్ళీ దిగలేదు.

"ఏంటి అవ్వా, సంతోషంగా లేదా?" అన్నాడు గుమాస్తా.

"నోర్ముయ్," అన్నాను.

గాటు నిండా తగరం ఉంది. గాటు పెట్టింది తగరం గట్టిపడ్డాక. అందులోకి తగరం పారిందంటే ఆ తర్వాత ఎవరో దాన్ని మళ్ళీ కరిగించారు. మాటు పట్టకపోతే తుపాకి తన్నినప్పుడు గురి ఊడుతుంది, జారుతుంది, కానీ తగరం కరగదు. తగరాన్ని కరిగించేది నిప్పు ఒక్కటే. నిప్పుల మీద పెట్టి, గురిని పక్కకు నెట్టి, చల్లారనిచ్చారు. నేను అతికించింది అతికించినట్టే ఉంది. కాల్చినప్పుడు గురి సరిగ్గానే ఉంది. నా కొడుకు గురిపెట్టింది బండకు కాదు, రాదూలేకే.

అప్పటికి ఈ గదిలో ఈ సంగతి తెలిసింది నాకొక్కదానికే. కెప్టెన్ గారు నా మొహం చూసి అడిగారు: "అవ్వా, ఇంటికి వెళ్ళి రేపు చెప్పకూడదా?"

"రేపటికి నా నోరు కన్నతల్లి నోరవుతుంది. ఇప్పుడే రాయించు," అన్నాను.

రాసింది నాకు రెండుసార్లు చదివి వినిపించారు. ఒక మాట మార్చమంటే మారుస్తామన్నారు. మార్చనక్కరలేదు, జరిగింది ఇదే. కుడి బొటనవేలు తగరంతో కాలి గీతలు పోయాయి గనుక ఎడమ బొటనవేలి ముద్ర వేస్తున్నాను.

(ఇకోనియా, ఎడమ బొటనవేలి ముద్ర)