బాలమణి వేలిముద్ర

2006. శామీర్‌పేట దగ్గరి ఒక ఊళ్లో పంచాయతీ ఆఫీసు. కోస్తా నుంచి వచ్చిన కార్యదర్శి బల్ల ముందు బాలమణి నిలబడింది.

"నా చెలకల నుంచి రోడ్డు తీయనీకి ఎవలు ఒప్పుకున్నరు సారూ?"

"గ్రామసభ ఒప్పుకుందమ్మా. అంతా పారదర్శకంగా జరిగింది."

"అంటే ఏంది?"

"దాపరికం లేకుండా, అందరి ముందూ జరిగిందని. ఇదుగో రిజిస్టరు. మీ పేరు, పక్కనే మీ వేలిముద్ర."

"డప్పు చాటింపే లేదు, ఇగ సభకు వచ్చిందెవలు? పదేండ్ల సంది మహిళా సంఘంల సంతకం పెడుతున్న. గీ ఏలు ఎవలది?"

"దాచాలనుకుంటే మీకు చూపిస్తానా? ఫిర్యాదు రాసివ్వండి, చూద్దాం. ముందు రిజిస్టరు చూసినట్టు ఇక్కడ వేలిముద్ర వెయ్యండి."

అతను ఇంకు ప్యాడ్ ఆమె ముందుకు జరిపాడు.

"అది పక్కకు పెట్టు సారూ. పెన్నియ్యి."