ఉత్తర్వు రాకముందే పంచేసిన బూట్లు

నా పేరు లోనీ ప్రూయిట్. వయసు యాభై ఏడు. జార్జియా రాష్ట్రంలోని మేకన్ మా ఊరు. ఫెడరల్ జైలులో ఖైదీని, వంటశాలలో పని. బయట ఉన్నప్పుడు కార్ల టైర్లు మార్చేవాణ్ణి, క్రాక్ కొకైన్ అమ్మేవాణ్ణి. అమ్మినందుకు ముప్పై ఏళ్ల శిక్ష పడింది. ఇరవై ఒక్క ఏళ్లు గడిచాయి.

సరుకు తూకాన్ని బట్టి వేసే శిక్షలను తగ్గించారని, ఆ తగ్గింపు పాత ఖైదీలకూ వర్తిస్తుందని మార్చి పన్నెండున మధ్యాహ్న భోజనాల వేళ టీవీలో చెప్పారు. అప్పుడు నేను చిక్కుడు గింజలు వడ్డిస్తున్నాను. ఎదురుగా ఉన్నవాడి పళ్లెంలో నాలుగు గరిటెలు వేశాను. వాడు వద్దనలేదు.

విడుదలయ్యేవాడు తన వస్తువులు వెంట తీసుకెళ్లకూడదని మా దగ్గర ఒక నమ్మకం. తీసుకెళ్తే అవే వాణ్ణి మళ్లీ లోపలికి లాక్కొస్తాయంటారు. అందుకని ఆ సాయంత్రమే నా బూట్లు ఒకరికి, రేడియో ఇంకొకరికి ఇచ్చేశాను. అప్పటికి అర్జీ కూడా రాయలేదు. ఆనందం పట్టలేకపోయాను, అంతే.

మర్నాడు ఉదయం స్నానాల గది చెప్పులతో పనికి వెళ్లాను. వంటశాల గుమ్మం దగ్గర గార్డు హచిన్స్ గారు ఆపారు.

"బూట్లేవయ్యా ప్రూయిట్?"

"ఇచ్చేశానండి. ఇంటికెళ్లిపోతున్నాగా."

"ఎవరు చెప్పారు నీకు?"

"టీవీలో చెప్పారండి."

"ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే పంపకాలా!"

ఆయన నవ్వారు. నవ్వుతూనే నా మీద కేసు రాశారు. అనుమతి లేకుండా వస్తువులు ఇవ్వడమూ తప్పే, పుచ్చుకోవడమూ తప్పే. జైలుకొచ్చిన ఇన్నేళ్లలో నా మీద ఉన్న కేసు అదొక్కటే.

శిక్ష తగ్గించమన్న నా అర్జీకి ప్రభుత్వ వకీలు ఆ కేసునే అడ్డం పెట్టారు. పుచ్చుకున్నవాళ్ల పేర్లు చెబితే అభ్యంతరం వదులుకుంటామన్నారు. అర్జీ నెగ్గితే ఈ నెలలోనే ఇంటికి వెళ్తాను. లేకపోతే, సత్ప్రవర్తనకు తగ్గించేది పోనూ ఇంకా నాలుగేళ్ల పైమాటే. ఆ ఇద్దరి అర్జీలూ ఇదే కోర్టులో ఉన్నాయి. "వద్దు బాబాయ్" అంటున్నా వినకుండా నేనే వాళ్ల చేతుల్లో పెట్టాను. పేర్లు చెప్పను. ఈ వాంగ్మూలం తీసుకుంటున్న మేజిస్ట్రేట్ గారు రెండోసారి అడిగారు. రెండోసారీ అదే చెప్పాను.

మొన్న ఆదివారం మా అక్క వెర్లీన్‌తో ఫోన్లో మాట్లాడాను.

"ఆ పేర్లేవో వాళ్ల మొహాన కొట్టి ఇంటికొచ్చెయ్‌రా" అంది.

"అక్కా, మీ ఆయన క్లీటస్ అప్పట్లో నా పేరు చెప్పే కదా ఇంటికొచ్చాడు. ఆయన్ని గుమ్మం తొక్కనిచ్చావా?"

లైను తెగిందేమో అనుకుని "అక్కా, ఉన్నావా?" అన్నాను.

"ఉన్నాను. ఇన్నేళ్లూ తలుపు వేసుకుని ఒక్కదాన్నే ఉన్నాను. ఇంకో నాలుగేళ్లు ఉండలేనా?" అంది.

నాకు ఇంటికి వెళ్లాలని ఉంది. చాలా ఉంది. ఆ మాట కూడా రాయమని కోరాను.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. అబద్ధం ఒక్కటీ లేదు. దాచింది ఆ ఇద్దరి పేర్లే.

(సంతకం) లోనీ ప్రూయిట్