రాజు ముందు గుర్రం

స్కూలు బస్సు డ్రైవరూ, ఆయన కూతురూ వంటింట్లో చదరంగం బల్లకి అటూ ఇటూ కూర్చున్నారు. మధ్యాహ్నం ఫైనల్లో ఓడిపోయి వచ్చింది ఆ పిల్ల. ఓడిన ఆటని మళ్ళీ పేర్చి చూడందే ఆ ఇంట్లో ఇద్దరికీ ముద్ద దిగదు.

"మళ్ళీ చెప్పు. ఎక్కడ ఓడిపోయావ్?"

"చివర్లో. ఏనుగు పోయినప్పుడు."

"అది ఓటమి బయటపడ్డ చోటు తల్లీ. ఓడింది అంతకు ముందెప్పుడో. వెనక్కి వెళ్ళు."

"ఇవాల్టికి వదిలెయ్ నాన్నా."

"వదిలేస్తే రేపూ అక్కడే బోల్తా పడతావ్. పేర్చు. నేను ముట్టుకోను. ఓడినవాళ్ళే పావులు ముట్టుకోవాలి."

"తెలుసులే, నీ రూలే కదా. ఇదిగో, పేర్చాను. ఇక్కడిదాకా నాదే పైచేయి."

"ఎత్తులు పైకి చెప్పు."

"ఈమధ్య ప్రతీదీ పైకి చెప్పించుకుంటున్నావ్."

"చెబితే నీకే గుర్తుంటుందని. కానివ్వు."

"నేను శకటు జరిపాను. ఆ అమ్మాయి నల్లగుర్రాన్ని నా రాజు ముందుకి దూకించింది. నేను మంత్రిని పక్కకి తీశాను."

"అదీ సంగతి. గుర్రం ఎదురుగా నిలబడి గుడ్లురుముతుంటే మంత్రిని తీస్తావా? బుద్ధి ఎక్కడ పెట్టావ్?"

"నీ మీద."

"నా మీదేంటి?"

"అప్పుడే హాల్లోకొచ్చావ్. నా పక్కనుంచే వెళ్ళావ్. వెళ్ళి, ఇంకో అమ్మాయి తల నిమిరి, బాగా ఆడు తల్లీ అన్నావ్."

"అక్కడ లైట్లు సరిగా లేవు. పిల్లలంతా ఒక్కలాగే ఉన్నారు."

"నాది తెల్ల చొక్కా. ఆ అమ్మాయిది ఎరుపు."

"సరేలే, కళ్ళజోడు మర్చిపోయాను."

"పెట్టుకునే ఉన్నావ్ నాన్నా."

"నీ ఆట సంగతి చూడవే. నా సంగతెందుకు?"

"రేపు బస్సు తియ్యకు."

"భలేదానివే. పిల్లలు స్టాపుల దగ్గర ఎదురుచూస్తుంటారు. ఆ రూటు నాకు కళ్ళు మూసుకున్నా వచ్చు."

"అదే నా భయం."

"ఏదో కాస్త మసక. ఎండకి. డాక్టరు దగ్గరికెళ్తే బండి దింపేస్తారు. దింపేస్తే నేనేం చెయ్యను? నాకు ఇంకో పనేం వచ్చు?"

"నిన్న గేటుకి రాసుకుందటగా బస్సు. ఆయా చెప్పింది."

"అద్దం కొంచెం తగిలింది, అంతే. దానికే ఓ..."

"ఓటమి బయటపడేది తర్వాత అని ఇందాక నువ్వే అన్నావ్."

"ఆటకీ దీనికీ ముడిపెట్టకు. నాకు బాగానే కనిపిస్తోంది."

"అయితే చెప్పు. రాజు ముందున్న గుర్రం చెవి విరిగినదా, బాగున్నదా?"

"ఏంటీ పరీక్ష?"

"చెప్పు నాన్నా."

"విరిగినదే. చిన్నప్పుడు నువ్వే కింద పడేశావుగా."

"సరిగ్గా చూశావా?"

"చూశాను తల్లీ. కళ్ళెదురుగా ఉంటే ఎందుకు కనిపించదు? నల్లగుర్రం, ఒక చెవి లేదు."

"ముట్టుకో."

"నేను ముట్టుకోకూడదు కదా."

"ఇవాళ ఓడింది నేనొక్కదాన్నే కాదు నాన్నా. ముట్టుకో. అక్కడ గుర్రం లేదు, నీ బస్సు తాళాలు పెట్టాను."